పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: బురదలో పుట్టేది ఎంత, గాలిలో కలిసేది ఎంత?

చిత్తడి నేలలు, వాటిలోని సూక్ష్మజీవులు, అవి వదిలే వాయువుల గురించి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. ఒకరికి ఇచ్చిన సమాధానం మరొకరి ప్రశ్నకు ఆధారమవుతుంది కనుక వరుసగా చదివితే మేలు.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఉష్ణమండల చిత్తడి నేలల్లోని సూక్ష్మజీవులు, హరితగృహ వాయువుల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో అందరూ "బురద మీద డాక్టరేటా?" అంటున్నారు. ఈ పరిశోధనలో నిజంగా చేసేదేమిటి? కొత్తగా తేల్చవలసింది ఏమైనా మిగిలి ఉందా? – ఒక విద్యార్థిని, ఏలూరు

సమాధానం: మీ ఇంటివారి సందేహం సహజమే. అయితే హరితగృహ వాయువుల్లో ఒకటైన మీథేన్ ప్రపంచ పద్దులో అతి పెద్ద సందిగ్ధత మిగిలి ఉన్నది ఆ బురద దగ్గరే. మనుషుల ప్రమేయం లేకుండా గాలిలో చేరే మీథేన్‌కు చిత్తడి నేలలే అతి పెద్ద మూలం. వాటిలోనూ సగానికి మించిన వాటా ఉష్ణమండలానిది. కానీ దశాబ్దాలపాటు శ్రద్ధగా సాగిన కొలతలలో ఎక్కువ భాగం ఉత్తర యూరప్, ఉత్తర అమెరికాల చల్లని నేలలకు సంబంధించినవి. వాయువు ఎక్కువగా వచ్చే చోట కొలతలు తక్కువగా ఉండడమే ఈ రంగానికి ఉన్న ప్రధానమైన లోటు.

నేలను నీరు కప్పివేసినప్పుడు గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరడం దాదాపు ఆగిపోతుంది. గాలిలో కంటే నీటిలో అది సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వాడేసుకున్న తరువాత సూక్ష్మజీవులు తమ శ్వాసక్రియ కోసం నైట్రేట్‌ను, మాంగనీసును, ఇనుమును, సల్ఫేట్‌ను ఇంచుమించు అదే వరుసలో ఆశ్రయిస్తాయి. ఎక్కువ శక్తినిచ్చేది ముందు, తక్కువ శక్తినిచ్చేది తరువాత. ఇవన్నీ తరిగిపోయిన చోట రంగంలోకి దిగేవి మీథేన్‌ను తయారుచేసే జీవులు. ఇవి బ్యాక్టీరియా కావు. 1977లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసినప్పుడు ఈ జీవులు బ్యాక్టీరియాకు ఎంతో దూరపువని తేలింది. నేడు మనం ఆర్కియా అంటున్న వర్గం ఆ విధంగా బయటపడింది. ఆకును గాని గడ్డిని గాని ఇవి నేరుగా జీర్ణించుకోలేవు. మరికొన్ని జీవులు వాటిని పులియబెట్టి అసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లుగా విడగొడితే, వాటితోనే ఇవి బతుకుతాయి.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పరిశోధకులను పట్టి ఉంచేది ఆ తరువాతి దశ. అడుగున పుట్టిన మీథేన్ పైకి వచ్చే దారిలో, బురద పైపొరలోనూ వేళ్ళ చుట్టూనూ కాస్త ఆక్సిజన్ దొరికే చోట, మీథేన్‌నే ఆహారంగా తీసుకునే బ్యాక్టీరియా కాచుకుని ఉంటాయి. కొన్ని నేలల్లో పుట్టిన దానిలో అధిక భాగాన్ని ఇవే మింగేస్తాయి. కాబట్టి గాలిలో చేరేది రాబడి కాదు, ఖర్చులు పోగా మిగిలిన నికరం. వాయువు నీటిలో కరిగి మెల్లగా పైకి వస్తే తినేవారి బారిన పడుతుంది. బుడగగా తన్నుకొస్తే వారికి చిక్కకుండా దాటిపోతుంది. మొక్క కాండంలోని గాలి గొట్టాల గుండా వస్తే ఆ పైపొర ప్రమేయమే లేకుండా నేరుగా బయటపడుతుంది. ఒకే చెరువులో, ఒకే రోజున, పది అడుగుల ఎడంలో కొలిచిన విలువలు ఎన్నో రెట్లు తేడాగా రావడానికి కారణం ఈ మూడు దారులే.

ఇక చేసే పని విషయానికి వద్దాం. నీటి మీద గాని తడి నేల మీద గాని అడుగు లేని ఒక డబ్బాను బోర్లించి, అరగంటసేపట్లో కొన్నిసార్లు సిరంజితో లోపలి గాలిని తీసి, మూత బిగించిన గాజు సీసాలలో నింపి, ప్రయోగశాలలో వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద పరీక్షిస్తారు. ఇప్పుడు లేజరుతో పనిచేసే పరికరాలు అక్కడికక్కడే విలువ చెబుతున్నాయి గాని వాటి ఖరీదు ఎక్కువ. బుడగల కోసం నీటిలో గరాటులను తలకిందులుగా వేలాడదీస్తారు. గొట్టాన్ని దింపి బురదను పొరలు చెదరకుండా తీసి, ఏ లోతులో ఏ జీవులున్నాయో డీఎన్‌ఏ ద్వారా చూస్తారు. మీథేన్‌ను తయారుచేసే ఎంజైముకు సంబంధించిన ఎమ్‌సీఆర్‌ఏ జన్యువు, మీథేన్‌ను తినే ఎంజైముకు సంబంధించిన పీఎమ్‌ఓఏ జన్యువు ఈ వెతుకులాటలో గుర్తింపు కార్డుల వంటివి.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. జన్యువు ఉన్నంత మాత్రాన జీవి పనిచేస్తున్నట్టు కాదు. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా బురదలో చాలాకాలం నిలిచి ఉంటుంది. "ఫలానా సరస్సులో సూక్ష్మజీవుల వైవిధ్యం" అన్న శీర్షికతో వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో అనేకం ఒక జాబితా దగ్గరే ఆగిపోతాయి. మా అభిప్రాయంలో అటువంటి అంశాన్ని ఎంచుకోకపోవడమే మంచిది. జవాబు 'అవును' అనైనా 'కాదు' అనైనా రాగల ప్రశ్నను ఎంచుకోండి. ఉదాహరణకు, సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా అసిటేట్‌ను, హైడ్రోజన్‌ను ముందే లాగేసుకుని మీథేన్ తయారీని అణచివేస్తాయన్నది స్థూలమైన సూత్రం. అయినా ప్రపంచంలో చాలా చోట్ల మడ అడవుల నుంచి మీథేన్ వస్తూనే ఉంది. దానికి ఒక కారణం, మిథైల్ అమీన్ల వంటి పదార్థాల కోసం సల్ఫేట్ జీవులు పోటీకి రాకపోవడం. వాటితో బతికే మీథేన్ జీవులు ఉప్పు నేలలో కూడా తమ పని సాగించుకుంటాయి. కాకినాడ పక్కన కోరంగి మడ అడవులలో, వరద రోజుల్లో గోదావరి మంచినీరు వచ్చి ఉప్పదనం తగ్గినప్పుడు ఏ వర్గం పైచేయి అవుతుంది, వేసవిలో ఏది పైచేయి అవుతుంది అన్నది మూడు నాలుగేళ్ళ పనికి సరిపోయే ప్రశ్న. కొల్లేటి నుంచి ఉప్పుటేరు వెంట సముద్రం దాకా కూడా ఇదే ప్రశ్నను వేరే రూపంలో వేయవచ్చు.

కొత్తగా తేలడానికి ఏమైనా ఉందా అన్నారు. 2017 దాకా అమెజాన్ నది లెక్కల్లో ఒక చిక్కు ఉండేది. విమానాలలో తిరిగి గాలిలో కొలిచిన మీథేన్‌కు, నేల మీదా నీటి మీదా కొలిచిన మొత్తానికి పొంతన కుదిరేది కాదు. ఆ ఏడాది ఒక పరిశోధక బృందం వరద మైదానాలలోని రెండు వేలకు పైగా చెట్ల కాండాలకు గాలి డబ్బాలు బిగించి చూస్తే, నీట మునిగిన నేలలోని మీథేన్‌ను ఆ చెట్లే పైకి తెచ్చి వదులుతున్నాయని, ఆ మొత్తం ఏడాదికి సుమారు 1.5 కోట్ల నుంచి 2 కోట్ల టన్నుల దాకా ఉంటుందని తేలింది. అంత పెద్ద అంశం ఎవరి లెక్కలోనూ లేకపోవడానికి కారణం ఒక్కటే: అప్పటిదాకా ఆ అడవిలో డబ్బాను నేల మీద బోర్లించారు గాని చెట్టుకు కట్టి చూసినవారు తక్కువ.

మరొక చిక్కు ఇప్పటికీ పూర్తిగా విడిపోలేదు. కొన్నేళ్ళు నిలకడగా ఉన్న వాతావరణ మీథేన్ 2007 నుంచి మళ్ళీ పెరుగుతోంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 1983లో మొదలుపెట్టిన కొలతల్లో 2020, 2021 సంవత్సరాలంత వేగంగా పెరిగిన ఏళ్ళు లేవు. అదే కాలంలో ఆ మీథేన్‌లో బరువైన కార్బన్ 13 వాటా తగ్గుతూ వచ్చింది. సూక్ష్మజీవులు తేలికపాటి కార్బన్‌ను ఇష్టపడతాయి కనుక, ఈ పెరుగుదలలో పెద్ద భాగం గ్యాసు బావుల నుంచి కాక జీవుల నుంచి వచ్చిందనడానికి ఇది బలమైన సాక్ష్యం. ఆ జీవులు పశువుల కడుపులోవా, చెత్తకుప్పల్లోవా, ఆఫ్రికాలో భారీ వర్షాలకు విస్తరించిన చిత్తడి నేలల్లోవా అన్నదే వాదం. దక్షిణ సూడాన్‌లోని సద్ద్ చిత్తడి ప్రాంతం పేరు ఈ చర్చలో తరచుగా వినబడుతుంది.

ప్రశ్న: చిత్తడి నేలలు ఇంత మీథేన్ వదులుతున్నప్పుడు వాటిని ఎండగట్టి సాగులోకి తెస్తే భూమికి మేలే కదా? రక్షించాలని ఎందుకంటున్నారు? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ఈ ప్రయోగాన్ని ఒక దేశం నిజంగానే చేసింది. ఇండోనేషియాలో సుహార్తో ప్రభుత్వం 1995లో మధ్య కాలిమంతాన్‌లోని పీట్ నేలలను వరి పొలాలుగా మార్చడానికి పూనుకుంది. దాదాపు పది లక్షల హెక్టార్ల పథకం; వేల కిలోమీటర్ల పొడవున కాలువలు తవ్వి నీటిని తోడేశారు. పీట్ అంటే నీటిలో మునిగి ఉండడం వల్ల పూర్తిగా కుళ్ళకుండా వేల సంవత్సరాలుగా పేరుకున్న ఆకులూ కొమ్మలూ వేళ్ళూ. ఎండితే అది వంటచెరకు. 1997లో ఎల్ నినో కరువు వచ్చినప్పుడు అది అంటుకుంది. ఆ ఒక్క ఏడాది ఇండోనేషియా పీట్ మంటల్లో 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల దాకా కార్బన్ గాలిలో కలిసిందని 2002లో వెలువడిన అంచనా. ప్రపంచమంతా బొగ్గు, చమురు కాల్చడం వల్ల ఒక ఏడాదిలో వెలువడే కార్బన్‌లో అది 13 నుంచి 40 శాతానికి సమానం. ఆ పథకం వల్ల వరి మాత్రం పండలేదు.

మంటలు లేకపోయినా లెక్క అనుకూలంగా ఉండదు. నీరు తీసేస్తే మీథేన్ తగ్గే మాట నిజమే. కాని ఆక్సిజన్ తగిలిన పీట్‌ను వేరే జీవులు వేగంగా తినివేసి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. ఒక టన్ను మీథేన్ ఇరవై ఏళ్ళ వ్యవధిలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు, నూరేళ్ళ వ్యవధిలో చూస్తే దాదాపు 27 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. అయితే అది గాలిలో పది పన్నెండేళ్ళకు మించి నిలవదు. కార్బన్ డయాక్సైడ్‌లో ఒక భాగం శతాబ్దాలపాటు ఉండిపోతుంది. కాంగో నదీ లోయలోని పీట్ నేలలను 2017లో తొలిసారిగా సరిగ్గా కొలిచినప్పుడు దాదాపు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత విస్తీర్ణంలో సుమారు 3,000 కోట్ల టన్నుల కార్బన్ ఉన్నట్టు తేలింది. దాన్ని అక్కడ కట్టి ఉంచుతున్నది నీరొక్కటే.

కొల్లేరు మాత్రం పీట్ నేల కాదు కనుక ఈ వాదనను యథాతథంగా దానికి అతికించకూడదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను పట్టుకోవడం, పక్షులకు, చేపలకు ఆశ్రయమివ్వడం అన్నవి దానిని కాపాడుకోవడానికి చాలినన్ని కారణాలు. ప్రతి చిత్తడి నేలనూ కార్బన్ పేరుతోనే సమర్థించాలనుకోవడం ఈ మధ్య వచ్చిన అలవాటు. మాకది అంతగా నచ్చదు.

ప్రశ్న: చిన్నప్పుడు ఊరి చివర బీడు చెరువులో రాత్రిళ్ళు కొరివి దయ్యాలు కనిపిస్తాయని భయపెట్టేవారు. అది మీథేనేనా? – ఒక గృహిణి, తెనాలి

సమాధానం: మీథేన్ మండుతుంది గాని తనంతట తాను అంటుకోదు. 1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మజోరె సరస్సు ఒడ్డున బురదను కర్రతో కలిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి వెలిగించి చూశాడు. ఆ వాయువుకు ఆయన నిప్పు పెట్టవలసి వచ్చింది. బురదలో పుట్టే భాస్వర సమ్మేళనాలు గాలి తగలగానే మండి మీథేన్‌ను అంటిస్తాయని ఒక వివరణ ఉంది గాని, ఆరుబయట దానిని రుజువు చేసినవారు లేరు. మీ ఊళ్ళో కనిపించినది చేపలకు వెళ్ళినవారి లాంతరు అయి ఉండే అవకాశం కూడా తక్కువేమీ కాదు.

ప్రశ్న: మాకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఎండ ముదిరితే అడుగు నుంచి బుడగలు లేస్తాయి. చెరువుల వల్ల భూమి వేడెక్కుతోందని ఒక సమావేశంలో అన్నారు. నిజమేనా? నిజమైతే మేమేం చేయగలం? – ఒక రైతు

సమాధానం: బుడగలన్నీ మీథేన్ కావు. వాటిలో నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. మీథేన్‌కు వాసన లేదు. అయినా మీ అనుమానం సరైనదే. చేపలు తినకుండా వదిలిన మేత, వాటి విసర్జన, చచ్చిన నాచు అడుగున చేరి నల్లటి పొరగా మారుతాయి. మంచినీటి చెరువులో సల్ఫేట్ తక్కువ కాబట్టి మొదటి సమాధానంలో చెప్పిన పోటీ ఇక్కడ బలహీనం. నీరు వెచ్చబడే కొద్దీ మీథేన్ జీవుల వేగం పెరుగుతుంది. ఇతర పరిస్థితులు సమానంగా ఉన్నప్పుడు ఉప్పునీటి రొయ్యల చెరువు కంటే మంచినీటి చేపల చెరువు ఎక్కువ మీథేన్ ఇవ్వడానికి ఇదే కారణం. చైనా ఆగ్నేయ తీరంలో మిన్ నది ముఖద్వారం దగ్గర సహజమైన బురద నేలలను చెరువులుగా మార్చిన చోట్ల మీథేన్ పెరిగినట్టు కొలతలు చూపాయి.

అయితే అక్కడి అంకెను తెచ్చి మీ చెరువుకు అంటగట్టడం న్యాయం కాదు. మేత వాడకం, లోతు, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే గంటలు, పట్టుబడుల మధ్య చెరువును ఎండగట్టే అలవాటు అన్నీ ఫలితాన్ని మారుస్తాయి. మీరు చేయగలిగిన వాటిలో మొదటిది మేత వృథాను తగ్గించడం. అది మీ జేబుకు కూడా లాభమే. రెండవది పట్టుబడి అయ్యాక అడుగు నల్లమట్టిని తీసి, నేల బీటలు వారేదాకా ఎండగట్టడం. దీనిలో ఒక మెలిక ఉంది. ఆరీ ఆరని దశలోనూ, మళ్ళీ నీరు పెట్టిన తొలి రోజుల్లోనూ నైట్రస్ ఆక్సైడ్ ఒక్కసారిగా వెలువడవచ్చు. నూరేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు తీవ్రమైనది. నత్రజని ఎంత ఎక్కువగా మిగిలి ఉంటే ఈ విడుదల అంత పెద్దది కాబట్టి, అడుగు మట్టిని ముందే తీసివేయడం మంచిది.

ప్రశ్న: వరి పొలాన్ని కూడా చిత్తడి నేలగానే లెక్కిస్తారా? మన దేశపు వరి వల్లే మీథేన్ పెరుగుతోందని విదేశీయులు అంటారు కదా? – వ్యవసాయ పట్టభద్రుడు, మిర్యాలగూడ

సమాధానం: దమ్ము చేసి నీరు నిలిపిన పొలం సూక్ష్మజీవుల దృష్టిలో చిత్తడి నేలే. వరి దుబ్బులోని గాలి గొట్టాలు ఆక్సిజన్‌ను వేళ్ళకు పంపుతాయి. వెనుకకు వచ్చేటప్పుడు మీథేన్‌ను మోసుకొస్తాయి. పొలం నుంచి వెలువడే మీథేన్‌లో అత్యధిక భాగం వచ్చే దారి అదే.

మీ రెండవ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉంది. ఐరోపా, అమెరికా పొలాల్లో తీసుకున్న కొలతలను మన విస్తీర్ణంతో హెచ్చవేసి, భారతదేశపు వరి ఏడాదికి 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ వదులుతోందని అమెరికా పర్యావరణ సంస్థ ఒకప్పుడు అంచనా వేసింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నాయకత్వంలో ఏ.పి. మిత్రా, ఆయన సహచరులు 1991లో దేశంలోని అనేక వరి ప్రాంతాలలో డబ్బాలు పెట్టి స్వయంగా కొలిస్తే అది 40 లక్షల టన్నుల దగ్గర తేలింది. మన పొలాల్లో చాలావాటికి సేంద్రియ పదార్థం తక్కువ, నీరు మధ్య మధ్య ఆరిపోతుంది, వర్షాధార సాగు విస్తారం. పరాయి నేలల అంకెలో ఇవేవీ లేవు. అంతర్జాతీయ చర్చల్లో మన దేశపు వాదానికి ఆ కొలతలు పెద్ద అండ అయ్యాయి.

అలాగని ఇప్పుడు చేయవలసింది లేదని కాదు. పొలంలో రంధ్రాలున్న గొట్టాన్ని పాతి, నీటిమట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి మళ్ళీ నీరు పెట్టే తడి–పొడి పద్ధతిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. సరిగ్గా అమలైన చోట మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి పడిపోదు. పూత దశలో మాత్రం నీరు నిలిపే ఉంచాలి. యూరియా వేసిన వెంటనే ఆరబెడితే నైట్రస్ ఆక్సైడ్ రూపంలో కొంత ప్రయోజనం చేజారుతుంది. బోరు రైతుకు ఈ పద్ధతి నచ్చుతుంది. కాలువ చివరి రైతుకు, మళ్ళీ నీరు ఎప్పుడొస్తుందో తెలియనివానికి, పొలం ఆరబెట్టమని చెప్పడం అంత తేలిక కాదు.

ప్రశ్న: నేను ఐరోపాలో పీహెచ్‌డీలో చేరాను. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు కొల్లేటి బురదను సీసాల్లో పట్టుకెళ్ళి ఇక్కడి ప్రయోగశాలలో పరీక్షించవచ్చా? – ఒక పరిశోధక విద్యార్థి

సమాధానం: పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోకండి. కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత) లోపలి భాగం అభయారణ్యం కాబట్టి అక్కడ పరిశోధన చేయడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. సూక్ష్మజీవులు కూడా జీవ వనరులే కనుక, విదేశీ సంస్థ పరిశోధన కోసం వాటిని తీసుకువెళ్ళాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి. మీరు చేరిన దేశం కూడా బయటి మట్టిని రానివ్వడానికి తన వైపు నుంచి అనుమతి అడుగుతుంది. ఇవి లేకుండా సేకరించిన నమూనాల మీద వ్రాసిన వ్యాసాన్ని మంచి పత్రికలు ప్రచురించవు.

అంతకంటే తేలికైన దారి ఇక్కడి సంస్థతో కలిసి పనిచేయడం. విశాఖపట్నంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, గోదావరి ముఖద్వారం మీద వారికి దీర్ఘకాలపు అనుభవం ఉంది; వరి నేలలకైతే కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. డీఎన్‌ఏను ఇక్కడే వేరుచేసి, వరుసక్రమాన్ని ఇక్కడే చదివించి, ఫలితాలను అక్కడ విశ్లేషించుకోవచ్చు. అయితే విదేశీ సంస్థ తరఫున చేసే పనికి, ఫలితాలను పంపుకోవడానికి కూడా ఆ ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తించవచ్చు కనుక ముందే వ్రాసి అడగండి. మొదటి ప్రశ్న వేసిన ఏలూరు విద్యార్థినికి కూడా ఒక మాట ఇక్కడే చెబుతున్నాము: సీఎస్‌ఐఆర్ లేదా యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయల ఉపకారవేతనం 2023 నుంచి అమలులో ఉంది, దానిపై ఇంటి అద్దె భత్యం అదనం. అనుమతుల దరఖాస్తును చేరిన నెలలోనే పెట్టండి, లేకపోతే మొదటి వర్షాకాలం కాగితాల మీదే గడిచిపోతుంది. ఒక్క వర్షాకాలపు కొలతలతో ఉష్ణమండల చిత్తడి నేల గురించి ఏ పరీక్షకుడినీ ఒప్పించలేరు.